రానివాళ్ళ లెక్క

రోజు 204

ఇవాళ ఆసుపత్రి తెప్పకు నిలబడి నడుచుకుంటూ వచ్చాను. పాకుతూ కాదు! అవతల వలలు ఆరేస్తున్న ఆడవాళ్ళు పని ఆపి మరీ చప్పట్లు కొట్టారు. "గట్టు లెక్కలమ్మ నడిసేత్తందిరో!" అని ఒకావిడ కేక పెట్టింది. ఇక్కడి పిల్లలకు రెండో ఏట వచ్చే విద్య నాకు ఏడు నెలలకు వచ్చింది. అయినా మూడువందల తెప్పలు గొలుసులతో కట్టిన ఊళ్ళో, తెప్పకూ తెప్పకూ మధ్య జానెడున్నర పలక మీద, కింద సముద్రం నాలుక చాపుతుంటే, గట్టున పుట్టిన మనిషి నడవడమంటే మాటలా?

నా పని మాత్రం కూర్చుని చేసేదే. తెప్పలపేటను పట్టి పీడిస్తున్న తూలుడు జబ్బుకు కొత్త మందు పనిచేస్తుందో లేదో లెక్క తేల్చాలి. తూలుడు వచ్చినవాళ్ళకు లోకం గిర్రున తిరుగుతుంది, కాలు ఒకచోట వేయబోతే ఇంకోచోట పడుతుంది. ప్రయోగంలో నూట తొంభైరెండు మంది ఉన్నారు. సగం మందికి మందు, సగం మందికి అచ్చం అలాగే కనిపించే ఉత్త గోలీ. ఎవరికి ఏది పడిందో తినేవాళ్ళకూ తెలియదు, ఇచ్చే నర్సు పోలమ్మకూ తెలియదు, నాకూ తెలియదు. నా దగ్గర 'అ' జట్టు, 'ఆ' జట్టు అని మాత్రమే ఉంటుంది. ఏ జట్టుకు మందు పడిందో రాసిన కవరు గట్టు మీద ఇనప్పెట్టెలో ఉంది.

నెలకోసారి ప్రతి ఒక్కరూ వచ్చి అర లీటరు నీళ్ళున్న చెంబు పట్టుకుని ఇరవై అడుగులు వేయాలి. ఎన్ని నీళ్ళు ఒలికితే జబ్బు అంత. వచ్చిన మొదటివారం సరదాగా నేనూ నడిచి చూశాను. చెంబుతో సహా ఒలికిపోయాను.

ఈ రోజుతో ఆరో నెల పరీక్షలు ముగిశాయి. 'అ' జట్టులో నలభై మూడు మంది రాలేదు. 'ఆ' జట్టులో రానివాళ్ళు ఎనిమిది మందే. ఈ తేడా చూసి రెండుసార్లు మళ్ళీ లెక్కపెట్టాను.

"కంగారు పడకండి, ఖాళీలన్నీ నింపేశాను" అంది పూరణి. పూరణి అంటే ఖాళీ గడులు నింపే యంత్రం. గొంతు తేనె, బుద్ధి మొండి.

"దేంతో నింపావు?"

"చివరిసారి ఎన్ని నీళ్ళు ఒలికించారో ఈసారీ అన్నే ఒలికించారని రాశాను."

మనిషి కనిపించకపోతే చివరిసారి చూసినచోటే ఇంకా నిలబడి ఉన్నాడని దాని నమ్మకం. అలా నింపాక చూస్తే రెండు జట్లకూ తేడా లేదు. మందు దండగ అని దానర్థం.

రోజు 206

గట్టు మండలి నుంచి ఉత్తరం వచ్చింది. మండలి పెద్ద డాక్టర్ యశోధర మాటలు ఎప్పుడూ కత్తిరించినట్టు ఉంటాయి. "ఒక జట్టులో సగానికి సగం మానేశారంటే ఆ గోలీ వాళ్ళకు పడటం లేదని మా అనుమానం. 240వ రోజున ప్రయోగం ముగిస్తున్నాం. అప్పటికీ తేడా కనిపించకపోతే మందుల పడవ ఆగిపోతుంది."

ఉత్తరం మడిచి ఇంటికి వెళ్ళాను. ఇల్లంటే నూకాలు పిన్ని తెప్ప. పోలమ్మకు అక్క. నాకు అద్దె గది ఇచ్చింది, అడగకుండానే అన్నం కూడా పెడుతోంది. ముప్పై ఏళ్ళు గొలుసుల మీద నడిచి ఊరి కట్లు బిగించిన మనిషి. రెండేళ్ళుగా తూలుడు. ప్రయోగంలో ఆమె కూడా ఉంది, ఒక్క నెల కూడా పరీక్ష మానలేదు, ప్రతిసారీ సగం చెంబుకు పైనే ఒలికిస్తుంది. ఆమె నంబరు ఏదో నేను చూడను, చూడకూడదు.

"నాకు ఉత్త గోలీయే పడిందమ్మీ. నా జాతకం నాకు తెల్దేటి?" అని నవ్వుతూ చేప తోమింది.

నవ్వుతుంది గానీ ఆమెకు రాబోయేది ఊరందరికీ తెలుసు. వరసగా మూడుసార్లు సగం చెంబు ఒలికించినవాళ్ళు నీళ్ళ మీద ఉండకూడదని చట్టం. సముద్రంలో పడిపోతారని గట్టుకు దింపేస్తారు. ప్రయోగంలో ఉన్నంతకాలం ఎవరినీ దింపరు. మందు నెగ్గితే ఉత్త గోలీ వాళ్ళకు కూడా అసలు మందు ఇస్తారు, పిన్ని ఇక్కడే ఉంటుంది. ఓడితే 241వ రోజున దింపుడు పడవ వస్తుంది. యాభై రెండేళ్ళలో పిన్ని కదలని నేల మీద ఒక్క రోజు కూడా పడుకోలేదు. "అదేటి, ఊగకపోతే నిద్దరెలగొత్తాది?" అని నన్నే అడిగింది.

రోజు 209

నేనొక మొద్దును. ఇది ఈ డైరీలో రాసి పెడుతున్నాను, ఎవరైనా చదువుకోవచ్చు.

రానివాళ్ళంతా ఎందుకు రావడం లేదో కనుక్కుందామని పోలమ్మను కూర్చోబెట్టి, మందు పడక వాంతులా, కళ్ళు తిరగడమా, మంచం పట్టారా అని జాబితా చదివాను. ఆమె దూది చుడుతూ నావంక వింతగా చూసింది.

"ఆల్లెందుకొత్తారమ్మగోరూ? తగ్గిపోనాది గదా!"

"ఎవరికి?"

"రానోల్లకి! శానామందికి తగ్గిపోనాది. మరుపు పట్టినారు."

మరుపు! ఏడు నెలల్లో ఆ మాట ఒక్కరూ నాతో అనలేదు. తూలుడు తగ్గిన మనిషి మూడు పున్నములు ఆసుపత్రి తెప్ప ఎక్కకూడదట. ఆసుపత్రి చెంబు ముట్టకూడదట. జబ్బు పేరు ఎత్తకూడదట. జబ్బు ఆసుపత్రి పలక దగ్గర కాపు కాసి, వచ్చేవాళ్ళలో తనవాళ్ళను గుర్తుపడుతుందట. మూడు పున్నములు కనబడకపోతే మరిచిపోతుందట.

"ఈ సంగతి నాకెందుకు చెప్పలేదు పోలమ్మగారూ?"

"సెప్పడానికేటుంది? మీ గట్టు మీద పట్టరా మరుపు?" అంది ఆవిడ, నిజంగానే ఆశ్చర్యపోయి.

అంటే ఆరు నెలలుగా నా పలక ఎక్కి వస్తున్నది ఎక్కువమంది తగ్గనివాళ్ళే! తగ్గినవాళ్ళు హాయిగా తమ పనులు చేసుకుంటూ నా కాగితం మీద ఖాళీ గడులై కూర్చున్నారు. ఆ గడుల్లో పూరణి వాళ్ళ పాత జబ్బే మళ్ళీ మళ్ళీ పోస్తోంది.

ఒక్క గంతు వేశాను. "పూరణీ! 'అ' జట్టు ఖాళీలన్నీ సున్నా చెయ్యి. చుక్క కూడా ఒలకలేదని రాయి!"

"చిత్తం" అంది. ఒక్క క్షణంలో 'అ' జట్టు ఆకాశానికి ఎగిసింది. నేను కుర్చీ చుట్టూ తిరిగి తిరిగి గంతులేశాను. పోలమ్మ కూడా ఎందుకో తెలియకుండానే నాతో పాటు గంతులేసింది.

తర్వాత కూర్చున్నాను. ఊపిరి సర్దుకుంది, సిగ్గు వేసింది. పూరణి తనకు తోచింది నింపింది, నేను నాకు కావాల్సింది నింపాను. ఆ నలభై మూడు మందినీ నేను చూశానా? లేవలేక రానివాళ్ళు అందులో లేరని ఎవరు చెప్పారు? సున్నాలన్నీ చెరిపేయించాను. పూరణి మళ్ళీ "చిత్తం" అంది. దాని తేనె గొంతు మీద మొదటిసారి నాకు చిర్రెత్తుకొచ్చింది.

రోజు 212

మండలితో తెర మీద మాట్లాడాను. మరుపు సంగతి చెప్తే డాక్టర్ యశోధర కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"రానివాళ్ళంతా బాగున్నారని మమ్మల్ని నమ్మమంటారా?"

"వద్దండీ. నన్ను కూడా నమ్మొద్దు. వాళ్ళు రాకపోతే చెంబే వాళ్ళ దగ్గరకు వెళ్తుంది."

నా పథకం ఇది. ఊరంతా రోజూ వాననీళ్ళ తెప్ప దగ్గర మంచినీళ్ళు పట్టుకుంటుంది. పరీక్ష అక్కడ పెడతాం. ఆసుపత్రి చెంబు వద్దు, ఎవరి చెంబు వాళ్ళదే. నడకకు ముందు, తర్వాత చేపల కాటా మీద తూచి ఎంత వంతు ఒలికిందో రాస్తాం. తూచే మనిషి నీళ్ళ తెప్ప కాపలాదారు, ఆయనకు జట్లంటే ఏమిటో కూడా తెలియదు. మానకుండా వస్తున్నవాళ్ళు కూడా అక్కడే మళ్ళీ నడవాలి. అందరికీ ఒకటే కొలత. జబ్బు పేరు ఎవరూ ఎత్తరు.

"అప్పటికీ దొరకనివాళ్ళు?"

"దొరకని 'అ' వాళ్ళు చెంబంతా ఒలికించారనుకుంటాం. దొరకని 'ఆ' వాళ్ళు చుక్క కూడా ఒలికించలేదనుకుంటాం. అలా లెక్కేసినా 'అ' జట్టే గెలిస్తే ఇక వేలెత్తి చూపడానికి ఎవరికీ చోటుండదు."

ఆవిడ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. "మీ మీద మీరే ఇంత పగ పట్టారేమిటండీ?" అంది. తర్వాత తన షరతు పెట్టింది. యాభై ఒక్క ఖాళీల్లో పదకొండుకు మించి మిగిలితే మండలి కవరు తెరవదు. ఇదంతా ముందే కాగితం మీద పెట్టి, ఫలితాలు చూడకముందే సీలు వేసి పంపాం. ఇప్పుడు నేను మనసు మార్చుకోవాలన్నా కుదరదు.

రోజు 221

నీళ్ళ పరీక్ష పెట్టాం. ఆసుపత్రి పనికి ఇంతమంది ఇంత ముస్తాబై రావడం నేనెక్కడా చూడలేదు. ఇత్తడి చెంబులు, కంచు చెంబులు, ఒకాయన పెళ్ళినాటి వెండి చెంబు. పోలమ్మ తెల్లకోటు విప్పేసి పూల చీర కట్టుకొచ్చింది. ఆసుపత్రి వాసన తగలకూడదని నాకు ఒంటినిండా పసుపు రాశారు. అంత పసుపులో నేను కాగితాలు పట్టుకుని నిలబడితే, పెళ్ళికూతురు లెక్కలు రాస్తోందని ఊరు ఊరంతా పడి పడి నవ్వింది.

"కళ్ళు తిరిగేవా?" అని ఒకామెను అడగబోయి నాలుక కరుచుకున్నాను. పదిమంది ఒక్కసారి "ష్!" అన్నారు.

రానివాళ్ళలో ఇరవై ఆరుగురు వచ్చి నడిచారు. వాళ్ళు నడుస్తుంటే అవతల నుంచి ఈలలు! నూకాలు పిన్ని కూడా వచ్చి నడిచి సగానికి పైగా ఒలికించింది. "సేపలకి దాహమేసిందని పోసినాను" అని అందరికంటే గట్టిగా తనే నవ్వింది. నేనూ నవ్వాను, తల తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాను.

ఇంకా ఇరవై ఐదు ఖాళీలు.

రోజు 230

తొమ్మిది రోజులుగా వేట. ఉదయం పాచి తోటల తెప్పలు, మధ్యాహ్నం కోళ్ళ తెప్పలు, సాయంత్రం కరెంటు ఇచ్చే ఎండ పలకల మీద ఉప్పు తుడిచే వాళ్ళ దగ్గర. నా కాళ్ళు ఇప్పుడు పలక మీద పరుగెడుతున్నాయి, నాకే నమ్మకం కలగడం లేదు.

ఎనిమిది మంది నీళ్ళ మీద తేలే పొరుగు ఊళ్ళో పెళ్ళికి వెళ్ళి అక్కడే తిష్ట వేశారు. మేము వెళ్ళేసరికి విందు నడుస్తోంది. అరిటాకు ముందు నుంచి లేపి నడిపించాం. వియ్యపురాలు అలిగింది, మాకు రెండేసి లడ్డూలు ఎక్కువ పెట్టాక శాంతించింది. ఎక్కువ తిన్నది మేమైతే శాంతించింది ఆవిడ ఎలాగో నాకు అర్థం కాలేదు.

ఐదుగురు మాత్రం చాపల మీద ఉన్నారు. లేవలేకే రాలేదు. అందులో ఇద్దరు 'అ' జట్టువాళ్ళు. ఒక ముసలాయన నన్ను చూసి "నడవలేను తల్లీ, రాసుకో" అని చెంబు తానే నేల మీద బోర్లించేశాడు. ఆ రోజు నేను సున్నాలు వేసి గంతులేసినప్పుడు ఈయనకు కూడా సున్నానే వేశాను. తలుచుకుంటే ఒళ్ళు మండిపోయింది, నా మీదే.

పన్నెండు ఖాళీలు. ఒక్కటి తగ్గాలి. పదిమంది పడమటి వేటకు వెళ్ళారు, నెల దాకా రారు. ఒకామె ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఇంకొకడు ఎల్లాజీ.

రోజు 238

ఎల్లాజీ అంటే దీపస్తంభాలకు రంగు వేసే మనిషి. మనిషి ఉన్నది ఊళ్ళోనే గానీ నేల మీద, అంటే తెప్ప మీద, కాలు పెట్టడు. వారంనుంచీ స్తంభం ఎక్కి కూర్చున్నాడు. మేము కిందికి వస్తే పైకి ఇంకో నాలుగడుగులు పోతాడు.

"దిగిరా ఎల్లాజీ! నీ చెంబే, నీ నీళ్ళే!" అని అరిచింది పోలమ్మ.

"దిగను! ఆ లెక్కలమ్మ ఆసుపత్రి మనిసి! నన్నది గురుతుపట్టేత్తాది!"

"నేను ఆసుపత్రి మనిషిని కాదు, గట్టు మనిషిని! ఆసుపత్రిలో కూర్చుంటానంతే!" అన్నాను. ఈ వాదన నాకే ఎక్కలేదు, స్తంభం మీదవాడికి ఏం ఎక్కుతుంది?

అప్పుడు పిన్ని వచ్చింది. ఇద్దరు రెండు చేతులూ పట్టుకుంటే తూలుతూ వచ్చింది. పైకి చూసి నడుం మీద చెయ్యి వేసింది.

"ఒరే ఎల్లాజీ. నీకు గొలుసు మీద నడక నేర్పింది ఎవుర్రా?"

పైన కుంచె ఆగింది.

"నువ్వు నడవకపోతే మూడ్రోజుల్లో నన్ను గట్టుకి దింపేత్తారు. నీకు మరుపు కావాలంతే. నడిసీసి మరుపు పట్టుకో, ఎవులొద్దన్నారు? నాకు నా నీల్లు కావాలి గదరా!"

కాసేపటికి రంగు డబ్బా ఒకటి తాడు మీద దిగింది. తర్వాత ఎల్లాజీ దిగాడు. నా మొహం చూడనని కళ్ళకు తలగుడ్డ కట్టుకున్నాడు. చెంబు అందుకుని పలక వదిలేసి గొలుసు ఎక్కాడు. ఇరవై అడుగులు చాలన్నా వినకుండా అటు చివరిదాకా వెళ్ళి, తిరిగొస్తూ మధ్యలో రెండు చిందులు కూడా వేశాడు. ఊరు ఊగిపోయింది. కాటా మీద పెడితే చెంబు పోసినప్పుడు ఎంతుందో అంతే ఉంది!

పదకొండు. నేను పిన్నిని, పోలమ్మను, నీళ్ళ కాపలాదారును, కనబడిన ప్రతివాళ్ళనూ వాటేసుకున్నాను. ఎల్లాజీ మాత్రం పరుగెత్తి స్తంభం ఎక్కేశాడు.

రోజు 240

కవరు తెరిచారు. 'అ' జట్టే మందు. దొరకనివాళ్ళ మీద మేమే వేసుకున్న శిక్ష లెక్కేశాక కూడా మందే నెగ్గింది. డాక్టర్ యశోధర తెర మీద నవ్వింది. ఆవిడకు పళ్ళున్నాయని నాకు ఇవాళే తెలిసింది. ఊళ్ళో డప్పులు, పలకలన్నీ ఎగురుతున్నాయి. నంబర్లకు పేర్లు కలిపి ఎవరికి ఏ గోలీ పడిందో చెప్పే జాబితా రేపు వస్తుందట. ఉత్త గోలీ వాళ్ళకు వారంలో మందు మొదలు.

పిన్ని పెట్టె కట్టడం మానేసి గొలుసులకు గ్రీజు రాసే పాత గుడ్డలు బయటికి తీసింది.

రోజు 241

జాబితా వచ్చింది. పోలమ్మ చదివి నా చేతిలో పెట్టింది.

నూకాలు. 'అ' జట్టు.

మందు పడిన తొంభై ఆరుగురిలో మేము చూసి తగ్గలేదని తేల్చినవాళ్ళు నలభై ఆరుగురు. ఈ అంకె నిన్ననే నా కాగితం మీద ఉంది. దాని పక్కన టిక్కు పెట్టి నేనే సంతకం చేశాను. అందులో పిన్ని ఉంటుందని ఊహకు కూడా రాలేదు. తగ్గలేదు కాబట్టి ఉత్త గోలీయే అని ఆమె అంటే, లెక్కలు చదువుకున్న నేను కూడా నమ్మేశాను.

ఇంటికెళ్ళి చెప్పాను. ఆమె గ్రీజు చేతుల్లోని గుడ్డ కింద పెట్టింది. తర్వాత కిసుక్కున నవ్వింది.

"ఉత్త గోలీని అన్నాయంగా ఆరు నెల్లు తిట్టీసినానే!" అంది. నవ్వు అయిపోయాక కింద కూర్చుంది. "అయితే నాను గట్టుకేనా అమ్మీ?"

ఏడుపొచ్చింది, దాచుకోకుండా ఏడ్చాను. ఆమె నా మొహమంతా గ్రీజు పూస్తూ తుడిచింది.

"ఏడవకు. ఆరు నెల్లూ మానకుండా ఎందుకొచ్చినానో తెల్సా? తగ్గినోల్లు మరుపు పట్టినారు. తగ్గనోల్లం గూడా మానేత్తే నీ కాయితం మీద మనుసులే ఉండరని. నూకాలుకి మందు పనిసెయ్యనేదని పెద్దచ్చరాలతో రాయి. నా యెనకొచ్చీ ఓల్లకి తెలాల గదా."

రోజు 242

ముగింపు పత్రం చివర ఒక గడి ఉంది. 'ఇంకా తెలియాల్సినవి' అని. రెండు గీతల జాగా. అందరూ 'ఏమీ లేవు' అని రాసి పంపేస్తారు. నేను నాలుగు పేజీలు అతికించాను. మందు పడీ తగ్గనివాళ్ళు నలభై ఆరుగురున్నారని, వాళ్ళకెందుకు పనిచేయలేదో తెలియకుండా ఈ ప్రయోగం సగమే అయిందని, ఈ జబ్బుకే చేసి గట్టు మీద అటకెక్కించిన రెండో మందును వీళ్ళతో మొదలుపెట్టాలని, పథకం కూడా జత చేస్తున్నానని రాశాను. పూరణి అక్షర దోషాలు దిద్దబోతే నోరు మూసుకోమన్నాను.

తగ్గనివాళ్ళ కోసం దింపుడు పడవ ఒక రోజు ఆలస్యంగా వచ్చి లంగరు వేసింది. దాని సరంగు చాలా మర్యాదస్తుడు. పిన్ని పెట్టిన చేపల పులుసు తిని, మండలి జవాబు వచ్చేదాకా ఆగుతానన్నాడు.

రోజు 249

సరంగు వారం రోజులుగా పిన్ని ఇంట్లోనే తింటున్నాడు. జవాబు ఆలస్యమైనా ఫర్వాలేదన్నట్టున్నాడు.

మధ్యాహ్నం తెర వెలిగింది. డాక్టర్ యశోధర కళ్ళద్దాల మీద నుంచి చూసింది. "రెండు గీతల్లో నాలుగు పేజీలు రాసే మనిషిని ఇదే చూడటం. మంజూరు చేశాం. నలభై ఆరుగురు. రేపటినుంచే మొదలుపెట్టండి."

తెర ఆరకముందే నేను పలకల మీద పరుగెడుతున్నాను. ఒకచోట జారి సముద్రంలో పడ్డాను. వలల ఆడవాళ్ళు నన్ను చేపను లాగినట్టు లాగారు. నీళ్ళు కక్కుతూనే "రేపే! రేపే!" అని అరిచాను. సరంగు ఖాళీ పడవతో వెళ్ళిపోయాడు, పులుసు గిన్నె మాత్రం వెంట తీసుకెళ్ళాడు.

రోజు 250

రెండో మందు, మొదటి పరీక్ష. వరసలో ముందు నిలబడింది పిన్నే. కొత్త చీర కట్టింది. చెంబు పట్టుకుని ఇరవై అడుగులు నడిచింది. నాలుగుసార్లు తూలింది, ఒకసారి కాపలాదారు మీద పడింది.

"పలక ఊగింది, అది లెక్కలోకి రాదు" అంది.

"వస్తుంది పిన్నీ."

"నా ఇంట్లో అన్నం తింటావు, నాకే లెక్క సెప్తావు!"

అందరూ నవ్వుతున్నారు, నేనూ నవ్వుతున్నాను. ఆమె కాళ్ళ కింద పలక నిజంగానే ఊగుతోంది, దాని కింద సముద్రం ఊగుతోంది. కాగితం మోకాలి మీద పెట్టుకుని రాశాను: నూకాలు, ఒలికినవి మూడువందల నలభై మిల్లీలీటర్లు. ఇంత చెడ్డ అంకెను ఇంత సంతోషంగా నేనెప్పుడూ రాయలేదు.